దుప్పటి నీడ

పెద్దక్క సంచి నేనే సర్దాను. రెండు జతలు చాలని తనంటే నాలుగు పెట్టాను. తువ్వాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. షుగరు మాత్రలు ఒక డబ్బాలో పోసి, అవే మాత్రలు ఇంకో డబ్బాలోనూ పోశాను, ఒకటి పోతే ఒకటి ఉంటుందని.

"కంటి ఆపరేషన్‌కి వెళ్తున్నానే, కాపురానికి కాదు," అంది పెద్దక్క మంచం మీద కూర్చుని.

"పదిహేను రోజులంటే మాటలా?"

"సరే అయితే, ఈ మంచం కూడా మడిచి పెట్టెయ్. నా సూదుల డబ్బా ఏదీ?"

"ఆసుపత్రిలో సూదులు వాళ్ళే పొడుస్తారు. నువ్వెందుకు మోసుకెళ్ళడం?"

అక్క గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సంచి సర్దడమంటే నాకు భయం. మా ఆయన సంచి కూడా ఇలాగే ఒక పొద్దున సర్దాను. పిండిమరకి కొత్త రాళ్ళు కొనుక్కొస్తానని వెళ్ళాడు. నాలుగో రోజు రాళ్ళు వచ్చాయి, ఆయన రాలేదు. దారిలో లారీ బోల్తా పడింది. అప్పట్నుంచి ఇంట్లోంచి ఎవరు సంచి పట్టుకుని గడప దాటినా, వాళ్ళ వీపు కనబడకుండా పోయేదాకా నిలబడి, ఆ తర్వాత కూడా కాసేపు నిలబడతాను.

మాది మూడు అంతస్తుల ఇల్లు. కింద పిండిమర. మధ్యలో ముందు భాగం మా తమ్ముడిదీ, మరదలిదీ, వెనక గది నాది. పైన మేడ మీద పెద్దక్క గది. అమ్మ పోతూ మరా, మేడా మా ముగ్గురి పేరా రాసిపోయింది. మర తమ్ముడు చూసుకుంటాడు. వాడికి యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా మాకు చిన్నోడే.

మేడ మీది గది మాత్రం పెద్దక్క తన కష్టంతో కట్టుకుంది. దర్జీలు పంపిన చొక్కాలకి కాజాలు కుట్టి కట్టుకుంది. నలభై ఏళ్ళు రోజుకి వంద కాజాలు తక్కువ కాకుండా కుట్టిన కళ్ళు అవి. ఎండ వచ్చే వైపు పెద్ద కిటికీ పెట్టించింది. దీపం వేస్తే నల్ల గుడ్డ మీద నల్ల దారం కనబడదు, ఎండ కావాలి అనేది. ఆ కిటికీ పక్కన తప్ప ఇంకెక్కడా దానికి సూది నడవదు. పెళ్ళి వద్దనుకున్న మనిషి. ఆ గదే దాని సంసారం. ఆ కిటికీ దగ్గర మళ్ళీ కూర్చోవడానికే ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

జనవరి ఆరున బస్సెక్కించాను. ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే మా అమ్మాయి పోస్టాఫీసులో పని చేస్తుంది. తనే చూసుకుంటానంది.

అంతకు వారం ముందు ఒక కాగితం సంగతి ఉంది. అది చెప్పాలి.

మేడ మీద సోలార్ ప్లేట్లు పెట్టించాలని తమ్ముడికి ఏడాదిగా పట్టుదల. మర తిరగడానికి కరెంటు బోలెడు తింటుంది. ముగ్గురి ఇల్లు కాబట్టి ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ఒక సాయంత్రం కాగితం తెచ్చి, పెద్దక్క ముందే నా చేతిలో పెట్టాడు.

"చిన్నక్కా, నువ్వు చదివి చెప్పు. పెద్దక్కకి నీ చదువు మీదే కదా నమ్మకం."

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. మర దగ్గరికి వచ్చే బస్తాల మీది అచ్చులు చూసి, సరుకులు చుట్టిన పేపరు ముక్కలు చూసి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు మొత్తం చదువుతాను, పుస్తకాలూ చదువుతాను. కానీ ఒక పాడు అలవాటు ఉంది. పదిమందికి చదివి వినిపించేటప్పుడు బరువైన మాట అడ్డం వస్తే ఆగడానికి సిగ్గు. దాని బదులు "వగైరా" అనేసి ముందుకి పోతాను. అప్పటివరకు ఎవరూ పట్టుకోలేదనే అనుకున్నాను.

ఆ కాగితంలో మూడో పేరా ఇలా ఉంది: ఛాయావరోధక కట్టడముల నిర్మూలనార్థము మాకెట్టి అభ్యంతరమును లేదు.

నేను చదివింది: "ఛాయా వగైరా, కట్టడముల వగైరా, మాకెట్టి అభ్యంతరమును లేదు."

"అంటే ఏమిటే?" అంది పెద్దక్క.

"మేడ మీద ప్లేట్లు పెట్టుకోవడానికి మనకేం అభ్యంతరం లేదని."

"అంతేనా?"

"అంతే."

"నువ్వు చదివావుగా," అని పెద్దక్క కాగితాన్ని కంటికి ఆనించుకుని, నేను వేలు పెట్టిన చోట తన పేరు బొమ్మ గీసినట్టు గీసింది. తమ్ముడు ఓపిగ్గా నిలబడ్డాడు. వాడికి అంత ఓపిక ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

అక్క వెళ్ళిన మూడో రోజు పొద్దున్న, మేడ మీద గునపం దెబ్బలు వినబడ్డాయి. మెట్లెక్కి వెళ్ళేసరికి గది కప్పు లేదు. ఇద్దరు కూలీలు గోడ మీదికెక్కి ఇటుకలు ఊడబెరుకుతున్నారు. అక్క మంచం, పెట్టె, కాజాలు వేయాల్సిన చొక్కాల మూట నీళ్ళ ట్యాంకు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. కిటికీని చట్రంతో సహా లాగి పిట్టగోడకి ఆనించారు. తమ్ముడు కనుబొమ్మల మీద పిండితో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఒరేయ్, ఏమిట్రా ఇది?"

"గది తీసేస్తున్నాం చిన్నక్కా. సరిగ్గా ఎండకి అడ్డం ఉంది. ఇది ఉంటే ప్లేట్లు దండగ."

"పెద్దక్కకి చెప్పావా?"

"నువ్వే చెప్పావుగా. చదివి మరీ వినిపించావు."

జేబులోంచి కాగితం తీసి, మూడో పేరా మీద గోరు పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు ముక్కలు ముక్కలుగా చదివాడు. "ఛాయావరోధకం. అంటే నీడ పడేట్టు అడ్డం ఉన్నది. నిర్మూలనార్థం. అంటే పీకేయడానికి."

"అంత బరువు మాటలు ఎవడు రాశాడ్రా?"

"దస్తావేజుల రాతగాడు. మామూలుగా రాయమంటారా, గట్టిగా రాయమంటారా అన్నాడు. గట్టిగానే రాయమన్నాను." వాడు నవ్వాడు. "కష్టమైన మాట వస్తే నువ్వు వగైరా అంటావని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు కదా చిన్నక్కా."

ఒళ్ళంతా కారం రాసినట్టయింది. గది పోయినందుకు కొంత. వాడు నా వగైరాని ఇన్నాళ్ళు జేబులో దాచుకుని, అవసరం వచ్చినప్పుడు తీసి వాడుకున్నందుకు మరింత.

"మళ్ళీ కట్టించు. అక్క వచ్చేలోపు."

"బస్తాల గది ఖాళీ చేయిస్తాలే. పెద్దక్కకి మెట్లెక్కే బాధ తప్పుతుంది."

బస్తాల గదికి కిటికీ లేదు. తలుపు వేస్తే మన చెయ్యి మనకి కనబడదు. అందులో పెద్దక్క కొత్త కళ్ళతో ఏం చూడాలి, ఎలుకలనా?

అక్క సామాను నా గదిలోకి చేరవేసుకుని తలుపేసుకున్నాను. వీడి చేత ఒక్క ఇటుక తగ్గకుండా మళ్ళీ కట్టించాలి, అదీ నలుగురి ముందు తల దించుకునేలా కట్టించాలి అని ఆ మధ్యాహ్నమే తీర్మానించుకున్నాను.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్లోంచి అక్క మాట్లాడింది. షుగరు ఎక్కువగా ఉందట, తగ్గేదాకా డాక్టరు కన్ను ముట్టుకోనన్నాడట.

"గది తుడిచావా?"

"తుడిచాను."

"కిటికీ తీసి ఉంచు. మూసేస్తే ముక్కిన వాసన వస్తుంది."

"తీశాలే అక్కా."

చెబితే షుగరు ఇంకా పెరుగుతుంది, ఆపరేషన్ ఆగిపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. అయితే గది సంగతి చెబితే వగైరా సంగతీ చెప్పాలి. అక్క వచ్చేలోపు గది లేస్తే రెండూ చెప్పక్కర్లేదు.

జనవరి ఆఖర్లో ప్లేట్లు వచ్చాయి. రెండు వరుసలు, వరుసకి ఆరు. బిగించడానికి వచ్చిన ఫిట్టరు నడివయసువాడు, నోట్లో ఎప్పుడూ ఒక మేకో, నట్టో పెట్టుకుని మాట్లాడేవాడు. ఇనప స్టాండ్లు వేసి, ప్లేట్లని ఎండ వైపుకి వాలుగా కూర్చోబెట్టి, తీగలు కిందికి లాగి, మర గోడకి ఒక పెట్టె బిగించాడు. ఆ పెట్టె మీద ఎంత కరెంటు వస్తోందో అంకె కనబడుతుంది. అదే అంకె తమ్ముడి ఫోన్లోనూ కనబడుతుంది. మొదటి వారం వాడు ఆ అంకెని పిల్లాడి మార్కులు చూపించినట్టు పిండికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించాడు.

వారం తిరక్కుండానే ప్లేట్ల మీద మర పిండి పేరుకుంది. రాత్రి మంచుకి తడిసి, పొద్దున్న ఎండకి అట్ట కట్టింది. ఫిట్టరు కడగడానికి వచ్చాడు.

"పెద్దమ్మా, ఇంకాస్త నీళ్ళు పోస్తే దీని మీద రొట్టె కాల్చుకోవచ్చు," అన్నాడు.

"పిండి పడితే ఏమవుతుంది నాయనా?"

"పిండి నయం. సన్నగా పడుతుంది. వీటికి అసలు పడనిది నీడ. ఇవి అలిగే జాతి. ఒక్కదాని కాళ్ళ మీద నీడ పడితే చాలు, వరుస వరుసంతా అలుగుతుంది."

"వరుసంతానా?"

"అన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి కదా. ముందువాడు కూలబడితే వెనకవాళ్ళు వాణ్ణి మోసుకుంటూ నడవలేరు."

"ఎంత నీడ పడాలి?"

"జానెడు. కింది అంచు పొడుగునా పడిందంటే ఇంకా మంచిది. అదే, ఇంకా చెడ్డది." నట్టు నోట్లోంచి తీసి నా వైపు చూశాడు. "ఎందుకు పెద్దమ్మా?"

"ఊరికే. తెలుసుకుంటే తప్పా?"

"తప్పేం లేదు," అని బకెట్టు తీసుకుని దిగిపోయాడు. మెట్ల మీద కూనిరాగం తీయడం వినబడింది.

మర్నాడు మేడ మీద నీళ్ళ ట్యాంకు స్తంభం నుంచి పిట్టగోడకి దిగేసిన ఇనప కడ్డీ దాకా తాడు కట్టాను. ఒక దుప్పటి ఆరేసి, నీడ ఎక్కడ పడుతోందో చూసి, నీడ అంచున చిటికెడు పిండి పోశాను. గంట ఆగి మళ్ళీ పోశాను. సాయంత్రానికి నేల మీద పిండి చుక్కలు చంద్రవంకలా వచ్చాయి. చలికాలపు ఎండ కిందినుంచి వస్తుంది కాబట్టి నీడ పొడుగ్గా సాగుతుంది. ఆ చుక్కల లెక్కన తాడు ఒక మూర ముందుకి జరిపాను, ఒక జానెడు పైకి లేపాను. తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా ముందు వరుసకి ఒక దుప్పటి. పన్నెండు తర్వాత స్తంభం అవతలి వైపు ఇంకోటి.

నేను ఇంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఎరగను. పొద్దున్నే లేచి మురికి లేని దుప్పట్లు తడిపేదాన్ని.

అంకె పడిపోయింది. తమ్ముడు పెట్టెని అరచేత్తో కొట్టి చూశాడు. ఫిట్టరుకి ఫోన్ చేశాడు. ఫిట్టరు మేడెక్కాడు, దుప్పటి చూశాడు, నన్ను చూశాడు. తీగ మొనలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, "ఏదో దోషం ఉన్నట్టుంది, చూద్దాం" అని వెళ్ళిపోయాడు. రెండోసారి వచ్చి ప్లేట్లు కడిగాడు. మూడోసారి తమ్ముడు వెనకాలే ఎక్కాడు, ఆకాశం వైపు, ప్లేట్ల వైపు చూసి, చివరికి దుప్పటి వైపు చూశాడు. ఎర్ర పువ్వుల దుప్పటి. కాస్త గాలికి ఊగుతోంది.

"చిన్నక్కా, ఇది ఇక్కడ ఆరేయకు."

"మరెక్కడ ఆరేయను, నీ నెత్తి మీదా?"

"వెనక పెరట్లో ఆరేసుకో."

"పెరట్లో మర పిండి పడుతుంది. నా బట్టలు నా మేడ మీద ఆరేసుకోవడానికి నీ అనుమతి కావాలా?"

"కాగితం మీద సంతకం పెట్టావు. నీడ పడేదేదీ ఉండకూడదు."

"నీడ పడే కట్టడం ఉండకూడదు," అన్నాను. "కట్టడం అంటే మట్టితో గానీ, ఇటుకతో గానీ, కర్రతో గానీ, ఇనుముతో గానీ కట్టినది. దుప్పటి కట్టడం కాదురా. నిఘంటువులో చూశాను."

నిజంగానే చూశాను. మరకి వచ్చే పంతులమ్మ దగ్గర లావుపాటి నిఘంటువు తెచ్చుకుని, కాగితం నకలు పక్కన పెట్టుకుని, ఒక్క మాట వదలకుండా చదివాను. అంత కసిగా చదివితే ఏ మాటైనా లొంగుతుంది. వాడికి ఆ కాగితం నాకంటే బాగా రాదు ఇప్పుడు.

వాడు పళ్ళు నూరుకుంటూ దిగిపోయాడు. మరదలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే సుఖంగా ఉంది.

అక్కకి ఒక కన్ను ఆపరేషన్ అయింది. రెండో కన్నుకి ఇంకో మూడు వారాలు ఆగాలన్నారు.

"పావురాలు వస్తున్నాయా కిటికీ దగ్గరికి?" అనడిగింది ఫోన్లో.

"రోజూ వస్తున్నాయి."

"నూకలు వెయ్యి."

"వేస్తున్నాను."

ఈ మధ్యలో నాకొక సంగతి తెలిసింది. ఊరి చివర బీడు భూముల మీద వేల ప్లేట్లు పరవాలని మాకు ప్లేట్లు అమ్మిన కంపెనీ చూస్తోంది. భూములవాళ్ళని ఒప్పించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మా తమ్ముడు. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన కంపెనీ సూపర్‌వైజరు భూములవాళ్ళని వెంటబెట్టుకుని మా మేడకే వస్తాడట. నిండు ఎండలో అంకె చూపించి, అక్కడే ఒప్పందాలు రాయించుకుంటాడట. ఇదంతా మరదలు పక్కింటావిడతో గొప్పగా చెబుతుంటే మెట్ల మీద కూర్చుని విన్నాను.

అందుకని పద్దెనిమిదో తేదీ నుంచి దుప్పట్లు ఆరేయడం మానేశాను. అంకె నిక్కబొడుచుకుంది. తమ్ముడు మెట్ల మీద ఎదురుపడి, "బుద్ధొచ్చిందన్నమాట," అన్నాడు. నేను తల వంచుకుని పక్కకి జరిగాను.

ఇరవయ్యో తేదీ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పదకొండింటికి పాతికమంది దాకా మేడెక్కారు. వీధిలో కొట్లవాళ్ళు, మర దగ్గరికి వచ్చేవాళ్ళు, బీడు భూములున్న ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకావిడ నా ఈడుది, గేదెలు కాచుకుంటుంది, పాలావిడ అంటారు. తమ్ముడు కొత్త చొక్కా వేసుకున్నాడు. సూపర్‌వైజరు ఫోన్ పైకెత్తి పట్టుకుని, "ఇదిగో, చూడండి, ఇప్పుడు ఎంత తయారవుతోందో," అనబోతున్నాడు.

నేను అప్పుడే రెండు బకెట్లతో మేడెక్కాను. ఏడు దుప్పట్లు, నాలుగు పరదాలు, బస్తాల మీద కప్పే కాన్వాసు గుడ్డ. రాత్రే తడిపి ఉంచాను. ఎవరి వైపూ చూడకుండా ఒక్కొక్కటీ దులిపి తాడు మీద వేశాను. నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. నీడ చాపలా పరుచుకుని ముందు వరుస కాళ్ళ మీద పడింది, తర్వాత రెండో వరుస మీద పడింది.

సూపర్‌వైజరు ఫోన్ని దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"ఏమైందండీ, సూర్యుడికి సెలవా?" అన్నాడు కిరాణా కొట్టు ఆయన. నలుగురు నవ్వారు.

"అమ్మగారూ, కాస్త ఆ బట్టలు తీస్తారా?" అన్నాడు సూపర్‌వైజరు.

"తడిబట్టలు బాబూ. ఎండ లేకపోతే ఆరవు. ఎండ మీద మాకు హక్కు ఉందా, అది కూడా రాసిచ్చేశామా?"

"చిన్నక్కా, కిందికి పద," అన్నాడు తమ్ముడు, నా మోచెయ్యి పట్టుకుని.

"చెయ్యి తియ్యి." వాడు తీశాడు. "అందరూ వచ్చారు కదా, ఈ నేల ఒకసారి చూడండి. ఇక్కడ ఎర్రగా, నలుపలకలుగా ఉందే, అది మా అక్క గది. మొన్న జనవరి దాకా ఉంది. ఆవిడ కంటి ఆపరేషన్‌కి వెళ్తే, మూడో రోజున గునపాలతో పీకించాడు."

"మీరే సంతకం పెట్టారు," అన్నాడు తమ్ముడు. వాడి గొంతు చిన్నదైంది.

"పెట్టాం. దేనికి పెట్టామో వినండి." చూడకుండా అప్పజెప్పాను. ఒక్క అక్షరం జారలేదు. "ఛాయావరోధక కట్టడముల నిర్మూలనార్థము మాకెట్టి అభ్యంతరమును లేదు."

పాలావిడ ముందుకి వచ్చింది. "నా బీడు పక్కన నా గేదెల పాక ఉంది. అదీ అదేనా? ఛాయా, ఏమిటదీ?"

"ఛాయావరోధకం."

"అదేనా?"

"అదే."

"అయితే నాకు కాగితం వద్దు, ఏమీ వద్దు," అని ఆవిడ సూపర్‌వైజరు మొహం కూడా చూడకుండా మెట్ల వైపు నడిచింది. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేమూ ఇంట్లో అడిగి చెప్తాం," అన్నారు. ఇంట్లో అడిగి చెప్తామన్నవాళ్ళు మళ్ళీ రారని సూపర్‌వైజరుకి బాగా తెలిసినట్టుంది, ఫోన్ జేబులో పెట్టుకుని, "ముందు ఇంటి గొడవ తీర్చుకోండి సార్, ఈ పనికి ఇంకొకర్ని చూసుకుంటాం," అన్నాడు తమ్ముడితో. మిగతావాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఇంత మంచి ఆట వాళ్ళకి మళ్ళీ దొరకదు.

"ఇప్పుడు చెప్పు," అన్నాను. "గది?"

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "కట్టిస్తాను."

"ఎప్పుడు?"

"రేపట్నుంచే. ఒక్క ఇటుక తగ్గకుండా."

తల దించుకునే అన్నాడు. నేను కోరుకున్నట్టే. బట్టలు అక్కడే వదిలేసి కిందికి దిగి, కంచం నిండా పెట్టుకుని తిన్నాను. నెలన్నర తర్వాత ఆ పూట అన్నం రుచి తెలిసింది.

మర్నాడు మేస్త్రీ నిజంగానే వచ్చి కొలతలు తీసుకున్నాడు. తమ్ముడు లేడు. "ఇటుకలకి వెళ్ళారు," అంది మరదలు తల ఎత్తకుండా.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, మామయ్య వచ్చి వెళ్ళాడు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. కాగితం తెచ్చాడు. పెద్దమ్మకి చదివి వినిపించమన్నాడు. నేను చదివాను."

"ఎంత చదివావు?"

"ఎంతేమిటి, అంతా చదివాను. వగైరా సంగతి మామయ్యే చెప్పాడు. గది ఎప్పుడు తీసేశారో కూడా చెప్పాడు. పెద్దమ్మ నీతో మాట్లాడుతుందట."

"ఏమే," అంది పెద్దక్క. గొంతు మామూలుగానే ఉంది.

"అక్కా, వాడు మనిషి కాదు."

"వాడి సంగతి నాకు కొత్తా? వాడు పుట్టినప్పుడు ఉయ్యాల ఊపింది నేను. వాడు అలాంటివాడని తెలిసే నిన్ను చదవమన్నాను."

"నాకా మాట రాలేదక్కా."

"రాలేదంటే ఏం పోయేది? పంతులమ్మ చేత చదివించుకునేవాళ్ళం." ఊపిరి తీసుకుంది. "పోనీ, అది తప్పే అనుకుందాం. ఎవరైనా చేస్తారు. తర్వాత రోజూ అడిగాను కదే. కిటికీ తీశావా అంటే తీశానన్నావు. పావురాలు వచ్చాయా అంటే వచ్చాయన్నావు. లేని కిటికీ ఎలా తీశావే?"

"నీ షుగరు పెరుగుతుందని చెప్పలేదు."

"మూడో రోజే చెబితే, గోడ సగం ఉండగానే వచ్చి దానికి అడ్డం కూర్చునేదాన్ని. నా గదికి నేను అడ్డం పడేదాన్ని. నాకా అవకాశం లేకుండా చేసి, నన్నిక్కడ ఉంచేసి, నువ్వు అక్కడ వాడితో పంతం ఆడుకున్నావు."

"నీ కోసమే చేశాను."

"నా కోసం అయితే నాకు చెప్పేదానివి. వాడు నిన్ను వెక్కిరించాడు. అందుకు చేశావు."

నేను మాట మార్చాను.

"గది మళ్ళీ కడుతున్నాడక్కా. వచ్చే నెలకి అయిపోతుంది."

"కట్టనీ. ఆ ఇంట్లో వాడి మాట ఎప్పుడూ నమ్మలేదు. నీ మాట నమ్ముకుని ఉన్నాను. ఇప్పుడు ఎవరి మాట నమ్ముకుని ఉండను?"

ఫోన్ మా అమ్మాయి తీసుకుంది. "తర్వాత మాట్లాడుదువులే అమ్మా," అంది.

తమ్ముడు మాట తప్పలేదు. ప్లేట్లని విప్పించి, మర వెనక గోధుమలు ఆరబోసే ఖాళీ జాగాలో, నా తాడు నీడ చేరని చోట బిగించుకున్నాడు. మేడ మీద పాత ఇటుకలతోనే గది లేపించాడు. అదే కిటికీ, అదే చోట. గోడలకి సున్నం కూడా వేయించాడు. పనైన రోజు సాయంత్రం నన్ను పిలిచి తలుపు తీసి చూపించాడు.

"ఒక్క ఇటుక తగ్గలేదు చిన్నక్కా. లెక్క చూసుకో. ఇక పెద్దక్కని పిలుచుకో."

వాడి మొహంలో అప్పుడు కనబడింది జనవరిలో కనబడిన నవ్వే. నేను తలుపు వేసి వచ్చేశాను. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడలేదు. వాడు ఎదురుపడితే ఇప్పటికీ నా అరచేతులు మండుతాయి.

రెండుసార్లు బస్సెక్కి మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పెద్దక్క నన్ను తిట్టలేదు. ముందు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు, "రా అక్కా, ఇంటికి పోదాం," అన్నాను. "నీ బస్సు ఎన్నింటికి?" అంది.

గది మార్చి ఇరవై రెండున పూర్తయింది. పెద్దక్క ఆ నెల రాలేదు. ఆ ఏడు రాలేదు. తర్వాతి మూడేళ్ళూ రాలేదు. అయిదో ఏడు ఆగస్టు పదకొండున, మధ్యాహ్నం రెండు గంటలకి, మా అమ్మాయి ఇంట్లో చనిపోయింది.